సీసా అడుగున మిగిలింది

అతని ముక్కు గురించి తెలిసినవాళ్ళు అతని పేరు మరిచిపోయి చాలా ఏళ్ళయింది. సబ్బుల ఫ్యాక్టరీలో చేరిన కొత్తల్లో ఒకరోజు, కాగుతున్న కొప్పెర ఛాయలకి కూడా వెళ్ళకుండా, గేటు దగ్గరే నిలబడి "ఇవాళ పాత నూనె పోశారు" అన్నాడు. మేస్త్రీ ముక్కున వేలేసుకున్నాడు. ఆ వేలు తీసేలోపలే "ముక్కాయన" అని పేరు కూడా పెట్టేశాడు. ఆ పేరు అతని వెంటే ఫ్యాక్టరీ దాటి, పెళ్ళి దాటి, నగరం నడిబొడ్డున నలభై అంతస్తుల టవరు దాకా వచ్చింది.

ఆ టవరు లాబీలో సెంటు మిషను చూసుకోవడం అతని పని. అలాంటి పని ఒకటుందని చాలామందికి తెలియదు. తెలియకపోవడమే ఆ పనిలో నేర్పు. పైకప్పు లోపల, చల్లగాలి వచ్చే గొట్టానికి చెప్పుల డబ్బా అంత పెట్టె ఒకటి బిగించి ఉంటుంది. పెట్టెలో ఒక సీసా. నిమిషానికోసారి ఆ పెట్టె చిన్నగా నిట్టూరుస్తుంది. అద్దాల తలుపు తోసుకుని లోపల అడుగుపెట్టిన మనిషికి ఎక్కడో తెల్లపూల తోటలో ఇప్పుడే వాన వెలిసినట్టుంటుంది. తోటా లేదు, వానా లేదు. అతన్ని పెట్టుకున్న సెంటు కంపెనీ వాళ్ళ పట్టీలో అది ఏడో నంబరు. ప్రతి సోమవారం ముక్కాయన నిచ్చెనెక్కి పాత సీసా తీసి కొత్తది పెడతాడు. పాతదాని అడుగున రెండు వేళ్ళ మందం సెంటు మిగిలే ఉంటుంది, మిషను దాన్ని పీల్చుకోలేదు. ఆ సీసాని కింద సెల్లారులో చెత్తడబ్బాలో పడేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోతాడు. నాలుగేళ్ళుగా ఇదే వరస.

వాసనల పనిలో ఉన్నాడు కదా, అవంటే ప్రాణమేమో అనుకుంటారు. ప్రాణం కాదు, పగ. వాళ్ళమ్మ తోళ్ళ ముక్కలూ ఎముకలూ ఉడికించి జిగురు తీసే షెడ్డులో పనిచేసేది. ఆ కంపు గోడలకి పట్టేది, చాపకి పట్టేది, నోటిదాకా వచ్చిన అన్నం ముద్దకి పట్టేది. బడిలో బల్ల మీద అతని పక్కన ఎప్పుడూ ఒక మనిషి కూర్చునేంత ఖాళీ ఉండేది. ఒకసారి పంతులమ్మ అమ్మనో నాన్ననో తీసుకురమ్మంది. "నువ్వు రావద్దమ్మా, కంపు కొడతావు" అన్నాడు ఆ పదేళ్ళవాడు. అయినా తల్లి, దుకాణం వెనక ఎవరో చింపి పారేసిన సెంటు సబ్బు కాగితం ఏరి తెచ్చుకుని, జాకెట్టులో దోపుకుని, నవ్వుకుంటూ బడికి వచ్చింది.

జిగురు కంపు ఒక్కటే అయితే పిల్లలు ఓర్చుకునేవారేమో. దానికి సబ్బు వాసన తోడయ్యేసరికి గది గదంతా కడుపులో దేవినట్టయింది. కుళ్ళిన దాని మీద పూలు చల్లితే వచ్చే వాసన అది. పిల్లలు కిటికీల వైపు పరిగెత్తారు. తల్లికి తన నవ్వుని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. అది మొహం మీదే ఉండిపోయింది.

ఆమె పోయి చాలాకాలమైంది. ఆ వాసన మాత్రం అతని ముక్కులో ఒక మూల చాప పరుచుకుని పడుకుంది.

టవరులో గొడవ రెండు నెలల కిందట మొదలైంది. రోజూ పొద్దున పదింటికి అటూ ఇటూగా లిఫ్టుల్లో, మేడ మీది వరండాల్లో ఏదో కంపు వస్తోందని ఫ్లాటు వాళ్ళ ఫిర్యాదు. అందరికంటే గట్టిగా అరిచింది ముప్ఫయ్యో అంతస్తు ఆవిడ. ఎప్పుడూ చంకలో కుక్కని పెట్టుకుని తిరిగేది కనక కిందివాళ్ళు ఆమెని "కుక్కావిడ" అనేవారు. ఆ వాసన చచ్చిన పూలలా ఉందనీ, దానివల్ల తన బంగారానికి ఆకలి మందగించిందనీ ఆమె అసోసియేషన్ వాళ్ళకి ఉత్తరం రాసింది. బంగారమంటే కుక్క.

టవరు మేనేజరు ముక్కాయనని పిలిపించాడు. మడత నలగని చొక్కా, నోట్లో ఎప్పుడూ ఒక పిప్పరమెంటు. గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ వినలేదు. శుక్రవారంలోపల ఆ కంపెక్కడిదో కనిపెట్టి కాగితం మీద రాసిమ్మన్నాడు. లేకపోతే ఆ పై సోమవారం నించి వేరే కంపెనీ వాళ్ళు ఆ నిచ్చెనెక్కుతారని పిప్పరమెంటంత చల్లగా చెప్పాడు.

ముక్కాయన వెతకని చోటు లేదు. చెత్త జారే గొట్టంలో తల దూర్చాడు. పూలకుండీల్లో మట్టి వేళ్ళతో కెలికాడు. కుక్కావిడ చూడకుండా కుక్కని వాసన చూశాడు. కుక్క కూడా అతన్ని వాసన చూసి, ఇద్దరమూ ఒకే పని వాళ్ళమన్నట్టు తోకాడించింది. ముక్కు అలిసినప్పుడు మోచేయి మడతలో తన చర్మం వాసన తాను చూసుకుని మళ్ళీ మొదలుపెట్టడం అతని అలవాటు. వందసార్లు చూసుకున్నాడు. అందరికీ తెలుస్తున్న కంపు అతని ఒక్కడి ముక్కుకే అందలేదు. ముక్కాయనకి ముక్కు పోయిందట అని కావలివాళ్ళు గుసగుసలాడుకున్నారు.

ఆ ఆదివారం తలపట్టుకుని కూర్చుంటే భార్య వచ్చి పక్కన కూర్చుంది. ఆమెకి నవ్వకుండా నవ్వించడం వచ్చు.

"ఏదీ లేదంటారేంటండీ? మీరు వీధి మలుపు తిరగ్గానే ఆ టవరు వాసన వచ్చి మన తలుపు కొడుతుంది. నేను లేచి తీస్తాను. మీరొచ్చేది దాని వెనకాల."

అతను చొక్కా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. ఉతికిన గుడ్డ.

"చేపనడిగితే నీళ్ళు తడిగా ఉంటాయని చెబుతుందా?" అంది ఆమె.

అప్పుడు వెలిగింది. నాలుగేళ్ళుగా పీల్చీ పీల్చీ ఏడో నంబరుకి అతని ముక్కు మొద్దుబారిపోయింది. ఆ కంపులో ఏడో నంబరు ఉంటే, అతనికి అదెలా తెలుస్తుంది? ఆ సోమవారం సీసా మార్చే పని తోటివాడికి అప్పజెప్పి, మూడు రోజులు ఇంట్లోనే కూర్చున్నాడు. భార్య అతని పని బట్టల్ని మూటగట్టి డాబా మీద పడేసింది. మూడు రోజులు అతను నీళ్ళూ, ఎండా, ఉప్పూ వాసన చూస్తూ గడిపాడు. ముక్కుకి పథ్యం పెట్టినట్టు.

గురువారం పొద్దున అద్దాల తలుపు తోసుకుని లాబీలోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే స్తంభం పట్టుకుని నిలబడిపోయాడు. ఇదా తను ఇన్నాళ్ళూ పోసింది? తెల్లపూలు కావు, వాన కాదు. పాలరాయి మీద, తోలు సోఫాల మీద, గోడకి వేలాడే అర్థం కాని బొమ్మల మీద జిడ్డులా పేరుకున్న తీపి. ఊపిరితిత్తుల్ని ఎవరో పాకంలో ముంచినట్టుంది. ఆ తీపిలోనే మనుషులు గుడ్ మార్నింగులు చెప్పుకుంటున్నారు, పిల్లల బుగ్గలు గిల్లుతున్నారు. అతను మోచేయి మడతలో మొహం దాచుకుని లిఫ్టులోకి దూరాడు.

అప్పటికి పదవుతోంది. లిఫ్టులో ఇద్దరాడవాళ్ళు, బక్కెట్లూ తుడుపు కర్రలూ పట్టుకుని మూలకి ఒదిగి ఉన్నారు. వాళ్ళ యూనిఫారం బూడిదరంగు. గోడలూ బూడిదరంగే. గోడకీ మనిషికీ తేడా కనబడకుండా ఎవరో రంగు చూసి మరీ కుట్టించారు. తలుపు మూసుకుంది. లిఫ్టు కదిలింది. అతని ముక్కులో మూలన చాప మీద పడుకున్న వాసన లేచి కూర్చుంది.

ఎండ మొహం చూడని తడిగుడ్డ. దాని మీద తెల్లపూలు. కుళ్ళు మీద పూలు. అమ్మ బడికి వచ్చింది.

కంపు ఎక్కడిదో తెలిసింది గాని ఎందుకో తెలియలేదు. వరండాలు తుడిచి ఆ ఇద్దరూ కిందికి దిగుతుంటే అతనూ వెనకే దిగాడు. మూడో సెల్లారు. కార్లు చలికి వణికే పశువుల్లా వరసగా నిలబడి ఉన్నాయి. ఆ చివర మోటారు గది, దాని తలుపు మీద పుర్రె బొమ్మ, ముట్టుకుంటే చస్తారన్న రాత. ఆడవాళ్ళు ఆ తలుపు తెరిచి, గడ్డివాములో ఎలకల్లా మాయమయ్యారు. అతను ఒక క్షణం ఆగి తోశాడు. మోటార్ల వెనక ఒక చెక్కపలక. పలక పక్కకి జరిపితే గది.

గది అనడం మర్యాద కోసం. పైనించి కార్లు దిగే వాలు ఉందే, దాని కడుపు కింద మిగిలిపోయిన చోటు అది. ఒక చివర మనిషి నిలబడొచ్చు, నడిమికొస్తే నడుం వంచాలి, రెండో చివరికి పాకాలి. అంత జాగాలో పదకొండు పక్కలు, మేడల్లోకి ఫ్రిజ్‌లొచ్చిన అట్టపెట్టెలు విప్పి పరిచినవి. ఒకామె ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. ఆమె తల దగ్గర అట్ట మీద బాణం గుర్తూ, ఈ వైపు పైకి అన్న మాటా అచ్చేసి ఉన్నాయి. గోడ చెమరుస్తోంది. ఆ చివరి నించి ఈ చివరికి తీగలు, తీగల మీద పదకొండు మంది బట్టలు, ఎన్నాళ్ళకీ ఆరని బట్టలు. పైన ఒక కారు దిగింది. గది పళ్ళు కొరికినట్టు గరగరమంది. సున్నం రాలింది. కరెంటు పొయ్యి ముందు కూర్చున్న ముసలావిడ తలెత్తకుండానే అన్నం గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఎన్ని వేల కార్లు దిగితే ఆ చెయ్యికి అంత అలవాటవుతుంది?

ముక్కాయన ఊపిరి బిగపట్టాడు. ఉన్నమాట చెప్పాలంటే, ముందు కలిగింది జాలి కాదు, రోత. వెనక్కి తిరిగి పరిగెత్తాలనిపించింది. గోడ గట్టు మీద వరసగా నిలబెట్టిన సీసాలు చూసి కాళ్ళు ఆగిపోయాయి. అతని సీసాలే. ఏడో నంబరు. వందకి పైనే ఉంటాయి.

ముసలావిడని అందరూ పెద్దమ్మ అంటున్నారు. ఆమె ముందు అతని కాళ్ళ వంక చూసింది.

"చెప్పులు విడిచి రా నాయనా. ఇప్పుడే తుడిచాం."

నిజంగానే ఆ నేల పైన లాబీ కంటే శుభ్రంగా ఉంది. అతను విడిచాడు. లిఫ్టులో చూసిన ఇద్దరిలో చిన్నది, గడుగ్గాయిలా ఉంది, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"వాసన చూడ్డానికొచ్చావా సెంటన్నా? చూడు చూడు. మాకు టిక్కెట్టు లేదులే."

అతను సీసాల వైపు చెయ్యి చూపించాడు. పెద్దమ్మ తేలు కుట్టినట్టు లేచింది. దొంగతనం కాదనీ, చెత్తడబ్బాలో ఉన్నవే పారేయబుద్ధి కాక రెండేళ్ళుగా ఏరి పెట్టుకున్నామనీ, కావాలంటే తీసుకుపొమ్మనీ గబగబా చెప్పింది. తర్వాత, అడక్కుండానే, మిగతాదీ చెప్పింది. పని ఐదింటికి మొదలవ్వాలి, ఊరి చివరినించి మొదటి బస్సు వచ్చేసరికే ఏడు. ఆలస్యమైన ఒకామెని తీసేసి మర్నాటికి ఇంకొకరిని పెట్టారు. ఇక్కడ చోటు దొరికాకే మిగతావాళ్ళ పని నిలిచింది. చోటిచ్చిందెవరని మాత్రం అడగొద్దు, ఒట్టేయించుకున్నారు. పైవాళ్ళకి ఈ సంగతి తెలిసిన రోజు పదకొండు మందీ రోడ్డు మీదే. అంతా బాగానే జరుగుతుండగా, రెండు నెలల కిందట, పైన ఎవరో ఒకావిడ ఈ చిన్నదాని పక్కనించి పోతూ ముక్కు మూసుకుంది.

"మనిషన్నాక సిగ్గుండదా బాబూ?" అంది పెద్దమ్మ. "అందుకని బట్టలు జాడించేటప్పుడు ఆఖరి నీళ్ళలో ఒక మూతెడు పోస్తున్నాం. మీ పూలవాసన మా మీద కూడా ఉంటే వాళ్ళకి తేడా తెలీదు కదా అని."

ముక్కాయన సీసాల వరస వంక చూస్తూ నిలబడ్డాడు. ఉత్త తడి వాసనయితే ఆ నలభై అంతస్తుల గాలిలో ఎవరికి అందేది? ఆ ఒక్కావిడా రెండో రోజుకి మరిచిపోయేది. వాళ్ళని పట్టించింది వాళ్ళు సిగ్గుపడి పూసుకున్న పూలు. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, ఎలా వస్తే అలా చెప్పేశాడు. తడిలో ఏడో నంబరు పులుస్తుంది, మేడమీద గొడవంతా దానివల్లే, ఇకనించి పోయకండి అన్నాడు.

 మోటారు ఆగి మళ్ళీ తిరిగింది.

"పోయకపోతే కంపన్నారు. పోస్తే కంపంటున్నావు," అంది చిన్నది. "ఊపిరి తీసుకోవచ్చో లేదో అదీ ఇప్పుడే చెప్పిపో అన్నా. మళ్ళీ మెట్లు దిగే శ్రమెందుకు నీకు?"

పెద్దమ్మ ఆమె నోరు మూయించింది గాని, మాట తగలాల్సిన చోట తగిలింది. అతనికి పదేళ్ళ పిల్లవాడి గొంతు వినిపించింది. నువ్వు రావద్దమ్మా. ఒళ్ళంతా చీదరగా అనిపించింది, ఈసారి గది మీద కాదు. మోటార్ల వెనక చెయ్యి పెట్టి చూశాడు. ఎప్పుడూ వేడిగాలి కొడుతోంది. తీగలు అక్కడికి మార్చి కట్టుకుంటే గంటలో బట్టలు ఎండుతాయని చెప్పాడు. తనే నిలబడి మేకులు కొట్టాడు, తీగ లాగి ముడేశాడు. చిన్నది చూస్తూ చూస్తూ, చివరికి మేకుల డబ్బా అందించింది. పని పూర్తయ్యాక పెద్దమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"పైన చెబుతావా నాయనా?"

"చెప్పను పెద్దమ్మా."

శుక్రవారం మేనేజరు గదిలో కాగితం నింపాడు. మూలం ఎక్కడ, కారణమేమిటి, చేసిన పని ఏమిటి అని మూడు గళ్ళు. లాబీలో పెద్ద పూలకుండీ కింద నీళ్ళు పోయే నేల గొట్టం ఎండిపోయి మురుగు వాసన పైకి తన్నిందనీ, నీళ్ళు పోసి సరిచేశాననీ రాశాడు. బతుకంతా ముక్కు చెప్పినదే రాసిన మనిషి. మొదటిసారి అబద్ధం రాశాడు. రాసి లేస్తుంటే వెన్నెముక రెండంగుళాలు పొడవైనట్టనిపించింది. మేనేజరు కాగితం చదివి, పిప్పరమెంటు ఆ బుగ్గ నించి ఈ బుగ్గకి మార్చి, తలూపాడు. ఆ రోజు ముక్కాయన ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్ళాడు. భార్యకి అంతా చెప్పాడు. ఆమె నవ్వించలేదు, నవ్వలేదు. అన్నం వడ్డిస్తూ ఒక ముద్ద ఎక్కువే పెట్టింది.

సోమవారం వచ్చేసరికి కంపు లేదు. శని, ఆదివారాల్లో ఒక్క ఫిర్యాదూ లేదు. కుక్కావిడ లాబీలో ఎదురై, ఇప్పుడు స్వర్గంలా ఉందని, తన బంగారం రెండు పూటలా తింటోందని చెప్పింది. ముక్కాయన సీసా మార్చి, పాతది పట్టుకుని సెల్లారుకి దిగాడు. మోటారు గది తలుపు పక్కన ఖాళీ సీసాలు వరసగా పేర్చి ఉన్నాయి. కడిగి, బోర్లించి, ఆరబెట్టినవి. అతనికి తిరిగిచ్చేశారు. ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పువ్వు లేదు, తడి లేదు, చెయ్యి పట్టిన జాడ లేదు. ఇక్కడ ఒక మనిషి ఉన్నదన్న ఆనవాలు ఆవగింజంత కూడా లేదు. 

పైకొచ్చేసరికి మేనేజరు పిలుస్తున్నాడని కబురు. ఈసారి కుర్చీ చూపించాడు. ఒక పిప్పరమెంటు కూడా ఇచ్చాడు. తమ యజమానులవే ఇంకో రెండు టవర్లున్నాయనీ, మూడింటి పనీ ముక్కాయన చేతికే ఇమ్మని కంపెనీకి రాశాననీ చెప్పాడు. తర్వాత ఆ కాగితం బయటికి తీశాడు.

"నేల గొట్టమని బాగా రాశారు. ఆ పూలకుండీ కింద గొట్టమే లేదు."

ముక్కాయన చేతిలో పిప్పరమెంటు చెమటకి అంటుకుంది.

"కంగారు పడకండి. వాళ్ళని అక్కడ పెట్టింది నేనే. తెల్లారేసరికి నేల మెరవాలంటే మనుషులు దగ్గర ఉండాలి. ఉన్నట్టు తెలియకూడదు. వెలుతురు బయటికి రాకుండా చూసుకున్నా, చప్పుడు రాకుండా చూసుకున్నా. ఈ వాసన ఒక్కటే నా చేతికి చిక్కలేదు." కాగితాన్ని శ్రద్ధగా మడిచి సొరుగులో పెట్టాడు. "మిగిలిన పని మీరు పూర్తి చేశారు."

అతని గొంతులో వెటకారం లేదు. మంచి పనివాణ్ణి మెచ్చుకునే మేస్త్రీ గొంతు అది. కడుపు మండించింది ఆ మెచ్చుకోలే. ఆ పదకొండు మందికీ నీడ నిలిచింది, నిజమే. నిలబెట్టిన మేకులు అతను కొట్టినవే. కాని ఇప్పుడు వాళ్ళ మీద పైవాళ్ళెవరూ ముక్కు కూడా మూసుకోరు. ఆమాత్రం గుర్తింపు కూడా అతను తుడిచిపెట్టాడు.

వద్దని అనలేదు. మూడు టవర్లూ ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, చేతిలో పిప్పరమెంటు నోట్లో వేసుకుని, లాబీలోకి వచ్చి నిలబడ్డాడు. పైన పెట్టె నిట్టూర్చింది. తెల్లపూల మీద వాన వెలిసింది. అద్దాల తలుపులోంచి ఎండ పడి పాలరాయి మెరుస్తోంది, అన్నం పెట్టుకు తినొచ్చు అన్నంత శుభ్రంగా. కొంచెం దూరంలో బూడిదరంగు గోడ పక్కనించి బూడిదరంగు మనిషొకరు బక్కెట్టుతో కదిలారు. చిన్నది. అతన్ని చూసింది, చూడనట్టు తుడుచుకుంటూ పోయింది. ఆమె దగ్గర ఏ వాసనా లేదు.

పిప్పరమెంటు చేదుగా నోట్లో కరుగుతోంది.  ఆ మెరుపు మీద, ఆ తోట మీద, తుపుక్కున ఉమ్మెయ్యాలనిపించింది. నోటి నిండా ఊరింది కూడా. ఉమ్మితే వంగి తుడిచేదెవరో తెలుసు.

మింగేశాడు.